మాస్ ఎఫెక్ట్ 2: ఐఎఫ్‌ఎఫ్ తేవడానికి ముందు లాయల్టీ మిషన్లు ఏ వరసలో చేయాలి?

కావలి_కమాండర్ (కావలి)

లెజెండరీ ఎడిషన్, పీసీ మీద. శత్రువులైన కలెక్టర్ల షిప్ మిషన్ అయిపోయింది. గెలాక్సీ మ్యాప్‌లో రీపర్ ఐఎఫ్‌ఎఫ్ (ఒమేగా 4 రిలే అనే ద్వారం దాటి చివరి మిషన్‌కి పోవడానికి ఓడకి కావలసిన గుర్తింపు పరికరం) కనపడతా ఉంది, ఇంకా దాని జోలికి పోలేదు.

లీజియన్ తప్ప స్క్వాడ్ అంతా ఓడలోనే ఉన్నారు. లాయల్టీ (ఒక్కొక్కరి సొంత మిషన్ చేసి వాళ్ల నమ్మకం గెలవడం) అయినవాళ్లు మిరాండా, జేకబ్, గ్యారస్, గ్రంట్, మోర్డిన్. కానివాళ్లు జాక్, టాలీ, థేన్, సమారా, జయీద్, కసూమీ. పారగాన్ (మంచి నడత) బార్ ముప్పావు దాటింది, రెనిగేడ్ (కరుకు నడత) పావు వంతు ఉంటుంది. ఓడకి ఆర్మర్ ఒక్కటే కొన్నాను. పల్లాడియం 9,000, ప్లాటినం 21,000 ఉన్నాయి. ఫ్రీడమ్స్ ప్రోగ్రెస్‌లో వీటోర్‌ని టాలీ వాళ్లతోనే పంపించాను, హేస్ట్రమ్‌లో కాల్ రీగర్ బతికి బయటపడ్డాడు.

అడగాల్సినవి ఇవి. ఇప్పుడే ఐఎఫ్‌ఎఫ్ తెచ్చేసి మిగిలినవి తరవాత చేసుకోవచ్చా? తెచ్చాక ఎంత టైమ్ ఇస్తాడు? చివరి మిషన్‌లో ఒక్కరు కూడా పోకుండా ఉండాలంటే ఎవర్ని ఎక్కడ పెట్టాలి? స్పాయిలర్లు పర్లేదు, చివరి బాస్ ఏంటన్నది మాత్రం వదిలేయండి.

---

మైపాడు_పారగాన్ (నెల్లూరు)

తమ్ముడూ, ఐఎఫ్‌ఎఫ్ జోలికి ఇప్పుడు పోవద్దు. మిగతాదంతా దీని వెనకే వస్తుంది.

హొరైజన్, కలెక్టర్ షిప్ రెండూ ఆట తనంతట తను మెడ మీద పెట్టే మిషన్లు. నువ్వు ఇన్ని మిషన్లు చేశావనగానే సెర్బెరస్ సంస్థ బాస్ ఇల్యూసివ్ మ్యాన్ ఫోన్ కొడతాడు, పోక తప్పదు. ఐఎఫ్‌ఎఫ్ అట్ట కాదు. హాకింగ్ ఈటా క్లస్టర్‌లో థోర్న్ సిస్టమ్‌కి నువ్వుగా ఓడ నడుపుకుని పోతే తప్ప మొదలవదు. నెల రోజులు తిరిగినా ఎవడూ అడగడు. అందుకని ఆటలో తాపీగా పని చేసుకోవడానికి ఇదే ఆఖరి చోటు. నువ్వు సరిగ్గా ఆడనే ఉన్నావు.

ఐఎఫ్‌ఎఫ్ తెచ్చిన నిమిషం నుంచి లోపల ఒక లెక్క మొదలవుతుంది. ఆ మిషన్‌లోనే లీజియన్ దొరుకుతాడు. ఓడలో మెడ్ బే వెనక ఏఐ కోర్‌లో పడుకోబెట్టి ఉంటాడు. లేపి, మాట్లాడితే అతని లాయల్టీ మిషన్ వస్తుంది. ఆ తరవాత మిషన్‌కో రెండో మిషన్‌కో మ్యాప్ ముట్టుకోగానే, స్క్వాడ్ అంతా షటిల్ ఎక్కి వెళ్లిపోయే సీన్ వస్తుంది. కలెక్టర్లు వచ్చి సిబ్బందినంతా ఎత్తుకుపోతారు, ఓడలో పైలట్ జోకర్ ఒక్కడే మిగులుతాడు. ఆ సీన్ వచ్చిందంటే అసలు గడియారం తిరగడం మొదలైనట్టే.

అక్కడి నుంచి ఒమేగా 4 రిలే దాటే లోపు ఎన్ని మిషన్లు చేశావన్నదే చూస్తాడు. ఒక్కటీ చేయకుండా నేరుగా పోతే సిబ్బంది అందరూ బతుకుతారు. ఒకటి నుంచి మూడు చేస్తే సగంమంది పోతారు, కెల్లీ వాళ్లలో ఉంటుంది. మూడు దాటితే డాక్టర్ చక్వాస్ తప్ప ఎవరూ మిగలరు. "ముందు ఇల్లు చక్కబెట్టుకుందాం" అని అప్పుడు జాక్ మిషన్, థేన్ మిషన్ పెట్టుకునేవాళ్లే ఎక్కువమంది బోల్తా పడేది. ఆట ఆ మాట ఎక్కడా గట్టిగా చెప్పదు, క్వెస్ట్ లిస్టులో అన్నీ మామూలుగానే మెరుస్తా ఉంటాయి.

కాబట్టి లీజియన్ది తప్ప మిగతా లాయల్టీలన్నీ, ఓడ అప్‌గ్రేడ్లు, ఎన్7 చిల్లర పనులు ఇప్పుడే అవజేయి. తరవాత ఐఎఫ్‌ఎఫ్, వెంటనే లీజియన్ని లేపడం, వెంటనే అతని మిషన్, ఆ వెనక షటిల్ సీన్, ఆ వెనక ఒమేగా 4. మధ్యలో ఇంకే గ్రహం మీదా కాలు పెట్టొద్దు.

ఓవర్‌లార్డ్, షాడో బ్రోకర్ అనే అదనపు మిషన్లు రెండూ ఈ ఖాళీలోనే చేసుకో, లెవెలూ పాయింట్లూ కలిసొస్తాయి. లేకపోయినా పర్లేదు, చివరి మిషన్ అయ్యాక నీ హీరో షెపర్డ్ బతికుంటే ఆట కొనసాగుతుంది, అప్పుడైనా చేయొచ్చు. అరైవల్ మాత్రం అన్నిటికన్నా చివర పెట్టుకో, దాని కథ మూడో ఆట మొదలుకి అతుక్కుని ఉంటుంది.

ఇక ఓడ. ఆర్మర్ కొన్నావు కాబట్టి జాక్ బతికింది. ఆర్మర్ లేకపోతే లాయల్టీ ఉన్నా లేకున్నా దారిలోనే పోయేది ఆమే. నీకు ఇంకా రెండు కావాలి. మల్టీకోర్ షీల్డింగ్‌కి పల్లాడియం 15,000, అంటే ఇంకో 6,000 తవ్వాలి. థానిక్స్ ఫిరంగికి ప్లాటినం 15,000, అది నీ దగ్గర ఉండనే ఉంది. షీల్డ్ సంగతి టాలీ చెబుతుంది, ఫిరంగి సంగతి గ్యారస్. వాళ్లు నోటితో చెప్పాకే మోర్డిన్ ల్యాబ్‌లోని టెర్మినల్‌లో కొనడానికి కనపడతాయి. గ్యారస్ "క్యాలిబ్రేషన్ పని ఉంది" అని పంపేస్తే విసుక్కోకుండా ఒక్కో మిషన్ తరవాత మళ్లీ పోయి పలకరించు.

ఈ రెండూ లేకుండా పోతే ఒక్కోదానికి ఒక్కో మనిషి పోతారు. షీల్డ్ లేకపోతే మొదటి వంతు కసూమీది, ఆమె లేకుంటే లీజియన్, ఆ తరవాత టాలీ. ఫిరంగి లేకపోతే థేన్, ఆ వెనక గ్యారస్. ఆ సమయంలో కార్గో హోల్డ్‌లో నీతో పాటు పోట్లాడే ఇద్దర్నీ వదిలేసి, వరసలో తరవాతి వాళ్లని ఏరుతుంది. ఇంధనం, ప్రోబ్ బే, మెడ్ బే అప్‌గ్రేడ్లకీ ఈ చావులకీ సంబంధం లేదు. ముందు ఆ రెండూ కొని, మిగిలితే వాటి మీద పెట్టు.

పల్లాడియం తవ్వేటప్పుడు ప్రోబ్‌లు 30 నింపుకుని పో, ఒక్కోటి 100 క్రెడిట్లు. రిచ్ అని చూపించే గ్రహాల మీదే తిరుగు. గ్రాఫ్‌లో పల్లాడియం గీత నిటారుగా లేచిన చోటే ప్రోబ్ వదులు, చిన్న చిన్న ఎగుళ్లకి వదిలితే డబ్బు దండగ.

---

కందుకూరు_కన్సోల్ (కందుకూరు)

పైన అన్న చెప్పింది కరెక్టే. చివరి మిషన్‌లో ఎవరు ఎక్కడికన్నది పెద్ద చిక్కేం కాదు, ఎవరు ముందుకొస్తే వాళ్లని పంపించెయ్. పైపులోకి నేను పోతానని జేకబ్ అంటాడు, బయోటిక్ శక్తితో గోడ పట్టే పని బయోటిక్ ఎవరైనా చేయగలరని మిరాండా అంటుంది. ఇంకో మాట, లాయల్టీ లేనివాళ్లు ఎట్లాగూ పోతారు, వాళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

---

మార్కాపురం_పలక (మార్కాపురం)

ఆ రెండు సలహాలూ పాటిస్తే ఇద్దరు ముగ్గురు మనుషులు పోతారు. చేయెత్తిన వాళ్లని పంపడమే ఈ మిషన్‌లో పెట్టిన ఉచ్చు. జేకబ్‌కి టెక్ రాదు, మిరాండా బయోటిక్ బలం ఆ గోడని అంతసేపు నిలపలేదు. వాళ్ల ఉత్సాహం చూసి సరే అంటే చచ్చేది ఒకసారి వాళ్లే, ఒకసారి నీ పక్కన నడిచేవాళ్లు.

పలక మీద లెక్కేసినట్టు దశ దశా చెబుతాను.

మొదటి దశ, వేడి పైపులు. లోపలికి పోయే మనిషి టాలీ, లీజియన్, కసూమీల్లో ఒకరు, లాయల్టీ ఉన్నవారు. రెండో టీమ్‌కి నాయకులు గ్యారస్, మిరాండా, జేకబ్‌లలో ఒకరు, వాళ్లకీ లాయల్టీ ఉండాలి. ఈ ఇద్దరిలో ఏ ఒక్కరు తప్పైనా చచ్చేది పైపులో ఉన్న మనిషే. ద్వారం మూసుకునే చివరి క్షణంలో రాకెట్ తగులుతుంది. నాయకుడి తప్పుకి టెక్ మనిషి పోవడం చూసి చాలామంది టాలీని తప్పు పంపామేమో అనుకుంటారు, కాదు. నువ్వు నడిచే దారిలో వాల్వ్‌లు ఉంటాయి, టైమర్ తిరుగుతా ఉంటుంది. కనపడ్డ ప్రతి కలెక్టర్నీ చంపాలని గోడ చాటున కూర్చోవద్దు, ముందుకు ఉరికి వాల్వ్ నొక్కి, ఆ తరవాత పోట్లాడు.

రెండో దశ, సీకర్ ఈగల గుంపు. బయోటిక్ గోడ పట్టేది సమారా గానీ జాక్ గానీ, లాయల్టీతో. ఇక్కడ తప్పు చేస్తే గోడ పట్టినవాళ్లు బాగానే ఉంటారు, నీ వెంట నడిచే ఇద్దరిలో ఒకర్ని ఈగలు ఎత్తుకుపోతాయి. రెండో టీమ్ నాయకులు మళ్లీ ఆ ముగ్గురిలోంచే, మొదటిసారి పెట్టినవాళ్లనే పెట్టొచ్చు. ఇక్కడ నాయకుడు తప్పైతే నాయకుడే పోతాడు. దొరికిన సిబ్బందిని వెనక్కి తోడు పంపే పని కూడా ఇక్కడే వస్తుంది. లాయల్టీ ఉన్న మనిషిని పంపితే ఇద్దరికీ క్షేమం. లాయల్టీ లేనివాళ్లని పంపితే సిబ్బంది చేరతారు, తోడు పోయిన మనిషి చేరడు. ఎవర్నీ పంపకపోతే సిబ్బందే పోతారు.

మూడో దశ, అసలు లెక్క. నీతో ఇద్దరు లోపలికొస్తారు, మిగిలినవాళ్లు తలుపు కాడ నిలబడి గీత కాపాడతారు. ఆట ఇక్కడ ఒక్కొక్కరికి ఒక సంఖ్య ఇచ్చింది.

గ్రంట్, జయీద్, గ్యారస్: 4.
మిరాండా, జేకబ్, థేన్, సమారా, లీజియన్: 2.
జాక్, టాలీ, కసూమీ, మోర్డిన్: 1.
లాయల్టీ లేకపోతే ఎవరికైనా ఒకటి తగ్గుతుంది.

వీటిని కూడి, నిలబడినవాళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు, ఐదుగురు గానీ అంతకు పైన గానీ నిలబడినప్పుడు, 2 కి తగ్గకూడదు. 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఒక్కరూ పోరు. 1.5 నుంచి 2 లోపు అయితే ఒకరు. అంతకన్నా కిందకి దిగితే ఇద్దరు. 0.5 కంటే తక్కువైతే ముగ్గురు. పోవడానికి వరస కూడా రాసిపెట్టి ఉంది: మోర్డిన్, టాలీ, కసూమీ, జాక్, మిరాండా, జేకబ్, గ్యారస్, సమారా, లీజియన్, థేన్, జయీద్, గ్రంట్. లాయల్టీ లేనివాళ్లుంటే వాళ్లదే ముందు వంతు. మోర్డిన్ లైన్లో చచ్చాడని ఫోరమ్‌లలో ఇన్ని ఏడుపులు ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. అతను బలహీనుడనే కాదు, వరసలో మొదటివాడు.

ఇప్పుడు "లాయల్టీ లేనివాళ్లు ఎట్లాగూ పోతారు" అన్న మాట. అది అన్ని చోట్లా నిజం కాదు. ఉదాహరణకి టాలీ లాయల్టీ పోయిందనుకో. పైపుకి లీజియన్ని పంపు. మోర్డిన్‌ని సిబ్బందికి తోడుగా పంపు. చివర జాక్, కసూమీలని వెంట తీసుకో. తలుపు కాడ గ్రంట్ 4, జయీద్ 4, గ్యారస్ 4, ఇంకో ఐదుగురు తలా 2, టాలీ సున్నా. మొత్తం 22, మనుషులు 9, సగటు 2.44. టాలీ నిక్షేపంగా ఓడెక్కుతుంది. ఆమెని పంపకూడని చోట్లు మూడు: పైపు, తోడు, చివరి పోరాటంలో నీ పక్కన. చివరి పోరాటంలో పక్కనున్న మనిషికి లాయల్టీ లేకపోతే బాస్ కూలాక శిథిలాల కింద పోతారు, అక్కడ ఏ సగటూ కాపాడదు.

---

కందుకూరు_కన్సోల్ (కందుకూరు)

సరే అన్నా, ఒప్పుకున్నా. కానీ మోర్డిన్ తోడు పోవడం తప్పనిసరి అని అంతటా రాస్తారే, అది కూడా నిజం కాదా?

---

మార్కాపురం_పలక (మార్కాపురం)

తప్పనిసరి కాదు, భద్రం. టాలీని తోడు పంపి, జాక్, కసూమీలని వెంట పెట్టుకుని, మోర్డిన్‌ని తలుపు కాడ నిలబెట్టినా మొత్తం 23, మనుషులు 9, అందరూ బతుకుతారు. సగటు 2 దాటితే వరసలో మొదటివాడైనా పోడు. చివరి నిమిషంలో లెక్క తప్పితే బలయ్యేది అతనే కాబట్టి ముందే పంపెయ్యమంటారు, అంతే.

---

ఒంగోలు_ఓవర్‌లోడ్ (ఒంగోలు)

లెక్క పలకన్న చెప్పేశారు. మిగిలిన ఆరు మిషన్లలో లాయల్టీ ఎక్కడ జారిపోతుందో నేను చెబుతాను. ఎందుకంటే మిషన్ పూర్తయితే చాలు లాయల్టీ వచ్చినట్టే అనుకోవడం సగమే నిజం. జాక్, కసూమీ విషయంలో అంతే, జాక్ మిషన్ జరిగే ప్రాజియాలో బాంబు పెట్టినా అక్కడి మనిషిని చంపినా వదిలినా, కసూమీ గ్రేబాక్స్ ఉంచుకున్నా చెరిపేసినా లాయల్టీ వస్తుంది. మిగతా నలుగురి దగ్గర జారే చోట్లు ఉన్నాయి.

టాలీ. విచారణ నౌకాదళంలో జరుగుతుంది, అలరై అనే ఓడలో వాళ్ల నాన్న చేసిన పనికి ఆధారం దొరుకుతుంది. ఆ ఆధారం అడ్మిరల్స్ ముందు పెట్టావా, టాలీ నిర్దోషిగా బయటపడుతుంది గానీ నీ మీద నమ్మకం పోతుంది, లాయల్టీ ఉండదు. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే వెలి వేస్తారు, లాయల్టీ మాత్రం నిలుస్తుంది. రెండూ దక్కాలంటే మామూలుగా పారగాన్ గానీ రెనిగేడ్ గానీ బాగా ఉండాలి. నీకు ఆ బాధ లేదు. వీటోర్ వాళ్ల దగ్గరికి చేరి, కాల్ రీగర్ బతికి ఉన్నాడు కాబట్టి, జనాన్ని టాలీ వైపు తిప్పే మాట పాయింట్లతో పని లేకుండా నీకు కనపడుతుంది. దాన్నే నొక్కు. ఆట మొదట్లో వీటోర్‌ని సెర్బెరస్‌కి అప్పగించేవాళ్లకి ఆ దెబ్బ ఇరవై గంటల తరవాత ఇక్కడ తగులుతుంది.

జయీద్. జోర్యా రిఫైనరీలో పనివాళ్లు మంటల్లో ఇరుక్కుంటారు. వాళ్లని వదిలేసి జయీద్ పాత శత్రువు వీడో వెంట పడితే లాయల్టీ ఖాయం. వాళ్లని కాపాడితే వీడో తప్పించుకుంటాడు, చివర్లో దూలం కింద పడ్డ జయీద్‌తో నీలం (పారగాన్) మాట వాడగలిగితేనే లాయల్టీ. పారగాన్ ముప్పావు దాటింది కాబట్టి కాపాడొచ్చు, కానీ నీలం మాట బూడిద రంగులో కనపడితే రీలోడ్ చేసుకునేటట్టు ముందే సేవ్ పెట్టుకో. ఒక్క జయీద్ పోతే తలుపు కాడ నాలుగు పోతుంది, తక్కువ కాదు.

సమారా. ఒమేగాలో ముందు నెఫ్ అనే పిల్ల ఇంటికి పంపిస్తుంది. అక్కడ తల్లితో ఒక్క మాట మాట్లాడి బయటికి ఉరకొద్దు. గదిలో ఉన్న డైరీలన్నీ విను, సమారా వేటాడుతున్న కూతురు మోరింత్‌కి ఏ సంగీతం, ఏ బొమ్మలు, ఏ సినిమా ఇష్టమో అందులోనే ఉంటుంది. తరవాత ఆఫ్టర్‌లైఫ్ వీఐపీ గదిలోకి ఒక్కడివే పోవాలి. ఆమె కంట పడేలా కొన్ని పనులు చేయాలి: ఒకమ్మాయిని వేధిస్తున్న వాడిని ఆపడం, డాన్స్ చేయడం, అందరికీ ఒక రౌండ్ మందు పోయించడం లాంటివి. మోరింత్ వచ్చి కూర్చున్నాక డైరీల్లో విన్న పేర్లే ఎత్తు. న్యాయం, ధర్మం అని సమారా లాగా మాట్లాడితే లేచి వెళ్లిపోతుంది, మిషన్ అక్కడితో సరి, సమారా లాయల్టీ కూడా.

థేన్. సిటడెల్‌లో టాలిడ్ అనే రాజకీయ నాయకుడిని పై నడకదారి నుంచి వెంబడించే భాగం దగ్గర జాగ్రత్త. వాడు ఆగిన ప్రతిచోటా నువ్వూ ఆగి థేన్‌కి కబురు చెబుతూ, చూపు తప్పకుండా పో. వాడు కనుమరుగైతే థేన్ కొడుకు ముందే వాడిని చంపేస్తాడు, లాయల్టీ పోతుంది.

వరస విషయంలో నా మాట: ముందు జాక్‌ది చెయ్. అది అవగానే ఓడలో మిరాండాకీ జాక్‌కీ గొడవ పడుతుంది, ఇద్దర్నీ ఆపాలంటే ఎడమ పక్క పైనున్న నీలం మాట గానీ కిందున్న ఎర్ర మాట గానీ వెలగాలి. ఈ ఆటలో ఆ మాటలకి కావలసింది ఒక స్థిరమైన సంఖ్య కాదు. నువ్వు ఇప్పటిదాకా తిరిగిన చోట్ల దొరకగలిగిన పాయింట్లలో నువ్వు ఎంత శాతం తీసుకున్నావన్నది చూస్తుంది. కాబట్టి రెండు రకాలూ కలిపి ఆడేవాళ్లకి ఆలస్యం అయ్యేకొద్దీ కష్టమే గానీ సులువు కాదు. ప్రాజియాకి పోయే ముందు వేరే స్లాట్‌లో సేవ్ పెట్టు. తిరిగి వచ్చాక నీలం వెలగకపోతే ఆ సేవ్‌కి వచ్చి, మిగతావి చేసి, క్లాస్ పాసివ్ పవర్‌లో పాయింట్లు పెట్టి మళ్లీ రా. ఆ పాసివ్ పెరిగితే పారగాన్, రెనిగేడ్ రెండూ శాతం లెక్కన పెరుగుతాయి. పాయింట్లు వేరే పవర్లలో ఇరుక్కుంటే ల్యాబ్ టెర్మినల్‌లో రీట్రెయిన్ ఉంది, ఎలిమెంట్ జీరో ఖర్చవుతుంది.

రెండో గొడవ టాలీ, లీజియన్ల మధ్య. అది లీజియన్ మిషన్ అయ్యాకే వస్తుంది, అంటే షటిల్ సీన్ ముంగిట్లో. అక్కడ ఒకరి పక్షం పట్టాల్సి వస్తే రెండోవాళ్ల లాయల్టీ పోతుంది. పాయింట్లు సరిపోతే తరవాత విడిగా పోయి మాట్లాడి తెచ్చుకోవచ్చు, కానీ ముందే సరిపోనివి అప్పటికప్పుడు ఎక్కడి నుంచి వస్తాయి. అందుకని ఐఎఫ్‌ఎఫ్‌కి పోకముందే పాసివ్ పూర్తిగా నింపుకుని పో.

---

కావలి_కమాండర్ (కావలి)

అందరికీ థ్యాంక్స్ అన్నా. షీల్డ్‌కి పల్లాడియం తవ్వడం మొదలుపెట్టాను. ఒక్క సందేహం. చివరి పోరాటానికి గ్రంట్, గ్యారస్‌లని వెంట తీసుకుపోవాలని ఉంది. అందరికీ లాయల్టీ ఉండి, మోర్డిన్‌ని తోడు పంపితే అది కుదురుతుందా?

---

మార్కాపురం_పలక (మార్కాపురం)

కుదరదు, అదీ ఒక్క పాయింటు తేడాతో. తలుపు కాడ మిగిలేది జయీద్ 4, మిరాండా, జేకబ్, థేన్, సమారా, లీజియన్ కలిపి 10, జాక్, టాలీ, కసూమీ కలిపి 3. మొత్తం 17. తొమ్మిదిమందికి 18 కావాలి. సగటు 1.89, ఒకరు పోతారు, మోర్డిన్ అక్కడ లేడు కాబట్టి వరసలో తరవాత పేరు టాలీది.

మీ కావలి వైపు రొయ్యల గుంటల లెక్కలోనే చెప్తా. పట్టుబడి రోజున పెద్ద రొయ్యలన్నీ ఏరి ఇంటికి పక్కన పెట్టుకుని, మిగిలినవాటికి కౌంట్ తీస్తే కొనేవాడు ఏం రేటు కడతాడు? నువ్వు అడుగుతోంది అదే.

ఒక్కర్ని తీసుకో. గ్యారస్‌తో పాటు జాక్‌ని పట్టుకెళ్తే తలుపు కాడ 20, తొమ్మిదిమంది, 2.22. గ్రంట్‌తో టాలీని పట్టుకెళ్లినా అదే 20. బయట 4 ఉన్నవాళ్లు ఇద్దరు నిలబడితే చాలు, ఇక్కడ సగటు దాటుతుంది.

ఇంకో తమాషా. కసూమీని అసలు రిక్రూట్ చేయకుండా ఉండుంటే నీ కోరిక తీరేది. అప్పుడు బయట ఎనిమిదిమంది, మొత్తం 16, సగటు సరిగ్గా 2. ఒక దోస్తు తక్కువైనందుకు ఒక ప్రాణం మిగలడం ఈ లెక్కలోని వంకర. ఆమె ఇప్పుడు ఓడలో ఉంది కాబట్టి నీకు పనికిరాదు, తెలిసి ఉండటం మంచిదని చెప్పా.

---

మైపాడు_పారగాన్ (నెల్లూరు)

మూడో ఆటకి ఇదే సేవ్ పట్టుకుపోతావు కదా, దానికోసం రెండు మాటలు కలుపుతా.

మోర్డిన్ మిషన్ అయిపోయిందన్నావు. అందులో దొరికే మేలాన్ డేటా దాచి ఉంచావా, చెరిపేశావా? ఉంచి ఉంటే మూడో ఆటలో ఈవ్ అనే పాత్ర బతుకుతుంది. చెరిపేసి ఉంటే ఇప్పుడు చేయగలిగింది లేదు, ఆ మిషన్ ముందు సేవ్ ఉంటే చూసుకో. గ్రంట్, జయీద్, మిరాండా ముగ్గురూ లాయల్టీతో వస్తేనే అక్కడ బతికే దారి ఉంటుంది. టాలీ జాతి క్వేరియన్లకీ లీజియన్ జాతి గెత్‌కీ సంధి కుదర్చాలంటే టాలీ, లీజియన్ ఇద్దరూ బతికి రావాలి. టాలీ వెలి కాకుండా ఉండటం, వాళ్లిద్దరి గొడవ ఎవర్నీ పోగొట్టుకోకుండా తీర్చడం, లీజియన్ మిషన్‌లో హెరెటిక్స్ అనే వేరుపడ్డ గెత్‌ని తిరగరాయకుండా నాశనం చేయడం, ఈ మూడూ సంధి వైపు లెక్కలో పడతాయి. తిరగరాయడం పారగాన్ పాయింట్లు ఇస్తుంది కాబట్టి చాలామంది అదే మంచిపని అనుకుని నొక్కుతారు. లాయల్టీ రెండిటికీ వస్తుంది, మూడో ఆటలో మాత్రం నాశనం చేయడమే కలిసొస్తుంది.

ఇక సేవ్‌లు. మనవైపు కరెంటు సంగతి తెలిసిందే, ఆటోసేవ్ ఒక్కదాన్ని నమ్ముకోవద్దు. మూడు చోట్ల చేత్తో వేరే వేరే స్లాట్‌లలో పెట్టు: ఐఎఫ్‌ఎఫ్‌కి పోయే ముందు, లీజియన్ని లేపే ముందు, ఒమేగా 4 రిలే నొక్కే ముందు. మూడోది చెరపకుండా ఉంచుకుంటే తలుపు కాడ ఎవర్ని పెట్టాలో ఎన్నిసార్లైనా మార్చి చూడొచ్చు. మొదటిది ఉంటే, సిబ్బంది సగం పోయారని తరవాత తెలిసినా ఆట మొత్తం మళ్లీ ఆడక్కర్లేదు.

---

కావలి_కమాండర్ (కావలి)

మేలాన్ డేటా ఉంచాను. గ్యారస్, జాక్‌తోనే పోతాను అయితే. ప్రాజియా ముందు సేవ్ పెట్టేశా, ఇప్పుడు జాక్ దగ్గరికి.